అత్తయ్యకూ ఉచితమే

"కాస్త ఆ తలుపు వెయ్యి, వాసనకి ప్రసంగం సాగట్లేదు" అన్నారు మా ఆయన ముందుగదిలోంచి.

నేను అత్తగారిని ఒక పక్కకి తిప్పి, ఆవిడ కిందనుంచి దుప్పటి లాగుతున్నాను. అది ఒట్టి తడి కాదు. మోచేతిదాకా అంటింది. ఆ చేత్తో తలుపు ముట్టుకోలేక కాలితో తన్నాను. అవతల ఆయన గొంతు సవరించుకుని ఆదివారం చెప్పబోయేది మళ్ళీ మొదలుపెట్టారు. "మనిషి తన క్రియల వల్ల రక్షణ పొందడు ప్రియులారా! అది దేవుడు కృపతో ఉచితంగా ఇచ్చేది. మన మంచిపనులన్నీ ఆయన ముందు మురికిగుడ్డలు!" మురికిగుడ్డలు అన్నచోట గొంతు వణికించడం ఆయనకి అలవాటు. పెళ్ళయిన కొత్తలో ఆ వణుకు వింటే నాకు ఒళ్ళు జలదరించేది. ఇప్పుడూ జలదరిస్తుంది, రోతతో. ఆయన ఏనాడూ ఒక్క మురికిగుడ్డ ఉతికిన పాపాన పోలేదు.

నేను పాస్టరు భార్యని. సంఘంలో అందరికీ అమ్మగారిని. పెళ్ళికి ముందు ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని. మానెయ్యమన్నారు. "సేవకుడి భార్యకి జీతమేంటమ్మా, నీ ప్రతిఫలం పరలోకంలో ఉంది" అన్నారు మావగారు, పళ్ళు కుట్టుకుంటూ. ఆయన పోయారు గానీ ఆ మాట పోలేదు. ప్రార్థన హాలు ఊడ్చేది నేనే, ప్రభుబల్లలో ద్రాక్షరసం పంచే గ్లాసులు కడిగేది నేనే, బయటినుంచి బోధకులొస్తే వాళ్ళు ఉమ్మిన సింకు తోమేదీ నేనే. హాల్లో అందరికీ కృప, ఇంట్లో నాకు మాత్రం క్రియలు. కాసేపు నడుం వాలిస్తే "పొద్దుట్నుంచి ఏం వెలగబెట్టావని?" అనేది అత్తగారు. పని పడినప్పుడు మాత్రం "దేవుడు చూస్తున్నాడే, పరలోకంలో నీ కిరీటం ఎక్కడికీ పోదు" అని గడ్డం పట్టుకునేది. కిరీటం మీద నాకెప్పుడూ మోజు లేదు. ఆపితే ఏమవుతుందోనన్న భయంతోనే చేశాను.

మంచాన పడ్డాక ఆవిడ మాటలు తగ్గిపోయాయి. ఆ మధ్యాహ్నం మాత్రం, దుప్పటి మార్చి నేను వీపు తుడుస్తుంటే గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"భయంగా ఉందే."

"దేనికి అత్తయ్యా?"

"మీ అమ్మ పోయిన రోజు ఫోను నాకే వచ్చింది. పొద్దున్నే వచ్చింది. హాల్లో ప్రార్థన కూటాలు జరుగుతున్నాయి, బోధకులు భోజనాలకి రావాలి. నువ్వెళ్ళిపోతే వండేదెవరు, వడ్డించేదెవరు అని చెప్పలేదు. అందరూ తిన్నాక చెప్పాను."

ఫోనే ఆలస్యంగా వచ్చిందనుకున్నాను ఇన్నేళ్ళూ. నేను వెళ్ళేసరికి అమ్మని పెట్టెలో పెట్టి మూసేశారు. ఆ రోజు ఒక బోధకుడు నా వంట మెచ్చుకుంటూ గట్టిగా త్రేన్చాడు. ఆ త్రేన్పు మళ్ళీ నా చెవి పక్కనే వినబడింది.

"దానికి దేవుడు నన్ను నరకంలో వేస్తాడంటావా? నేనున్న ఉపవాసాలు, హాలుకి నేనిచ్చిన స్థలం, అన్నీ ఆయనకి చెప్పుకుంటున్నాను. అయినా కన్ను మూతపడట్లేదు."

"మీ అబ్బాయిని అడగకపోయారా?"

"వాణ్ణడిగితే ప్రసంగం చేస్తాడు."

ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని. గుడ్డ నీళ్ళలో పడేసి ఆవిడ మొహంలోకి చూశాను. మూతి పక్కన చొంగ కారుతోంది. ఈవిడకి కూడానా? మా అమ్మ మొహం మీద మూత పడుతుంటే నాచేత వడ్డన చేయించిన ఈవిడకి కూడా, ఏ శిక్షా లేకుండా, ఉచితంగానా? దుప్పటి ఉతికేటప్పుడు కూడా అంత అసహ్యం వెయ్యలేదు. నేను నోరు మూసుకుంటే చాలు, ఆవిడ బతికినన్నాళ్ళూ హడలి చచ్చేది. మూసుకుందామనే అనుకున్నాను. కానీ నా మణికట్టు మీద ఆవిడ పట్టు వదల్లేదు. తిట్టు పడకముందే వంగిపోయే మనిషి పట్టు అది. ఆ వంగడం ఎలా ఉంటుందో ఈ ఇంట్లో నాకంటే ఎవరికి తెలుసు?

"ఏమీ చెప్పుకోనక్కర్లేదు అత్తయ్యా. ఉపవాసాలూ స్థలమూ ఆయనకి అక్కర్లేదు. క్షమించమని చెయ్యి చాపండి, ఇచ్చేస్తాడు."

"అంత సులువా?"

"అంత సులువే. నాకే ఒళ్ళు మండుతోంది."

"మరి నువ్వు క్షమించావా?"

"లేదు. ఆయనకి చేతనవును. నాకింకా కాలేదు."

ఆవిడ చిన్నపిల్లలా ముక్కు చీదుకుంటూ ఏడ్చింది, ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. నేను బాత్రూములో కుళాయి కింద చేతులు పెట్టి అలాగే నిలబడిపోయాను. ఆవిడకి ఊరికే ఇచ్చేవాడు నాచేత మాత్రం హాలు ఊడ్పించుకుని ఇస్తాడా? ఆవిడకి చెప్పిన మాట నేనూ అప్పుడే మొదటిసారి విన్నాను. మరి ఇంతకాలం ఎవరికి దడిసి తోమాను ఇవన్నీ? దేవుడికా, వీళ్ళకా? వీళ్ళ అవసరాలకి దేవుడి మొహం తగిలించి నన్ను భయపెట్టారు. చేతులు ఎంత రుద్దినా ఆ రోత వదల్లేదు.

ఆదివారం పొద్దున బట్టలు మార్చుకుని గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే, మా ఆయన తెల్లచొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వచ్చారు.

"అమ్మ పక్క పాడుచేసుకుంది. త్వరగా చూడు, టైమవుతోంది."

"మీరు చూడండి. వేణ్ణీళ్ళు పొయ్యి మీద ఉన్నాయి, గుడ్డలు మంచం పక్కనే ఉన్నాయి."

"నేనా? నేను వాక్యం చెప్పాలి!"

"చెబుదురుగాని, తుడిచాక."

"నీకు దేవుడి భయం లేకుండా పోయిందా?"

"పోయిందండీ."

ఆయన నోరు తెరిచేలోపు లోపల్నుంచి అత్తగారి గొంతు వినబడింది. "దాన్ని పోనియ్యరా. నువ్వు రా."

హాల్లో నేనెప్పుడూ కూర్చోని చోట, ఆడవాళ్ళందరి మధ్యలో కూర్చున్నాను. పాటలు అయిపోయాయి. ఏం చెయ్యాలో తోచక మళ్ళీ మొదటినుంచి పాడారు. వెనకనుంచి సంఘపెద్ద భార్య నా భుజం తట్టింది.

"పాస్టరుగారేరీ అమ్మగారూ?"

"వాళ్ళమ్మగారి పక్క శుభ్రం చేస్తున్నారు."

"అయ్యో! మీరుండగానా?"

"అవును, నేనుండగానే" అన్నాను.