మోకాలి పట్టీకి సాక్ష్యం

నా వస్తువు నాది కాదనడానికి నా నోటి మాటే రుజువట. పేటెంట్ ఆఫీసు నుంచి ఆ కాగితం వచ్చి నెలైంది. నా కడుపుమంట ఇంకా చల్లారలేదు.

కల్లూరులో మా ఇంటి ముందు గదే నా టైలరింగ్ షాపు. మా అమ్మాయి కృపారాణి కబడ్డీ ఆడుతుంది. మోకాళ్లకు తొడుక్కునే పట్టీ చెమట పట్టగానే కిందికి జారేది. నేల మీద పడ్డప్పుడల్లా తోలు లేచి వచ్చేది. బిగుతుది కొంటే కాలు తిమ్మిరెక్కేది. అందుకని ఎలాస్టిక్‌ను నేరుగా కాకుండా ఏటవాలుగా కత్తిరించి, మోకాలి వెనక రెండు పట్టీలు ఒకదాని మీదొకటి అడ్డంగా పోయేలా కుట్టాను. కాలు మడిస్తే బిగుస్తుంది, చాస్తే వదులవుతుంది. చెప్పడానికి ఇంతే. కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడంతో ఏడాది గడిచింది. చివరికి డోన్‌లో జరిగిన మ్యాచిలో అది ఒక్కసారి కూడా జారలేదు.

అది విని మా అత్త విశ్వాసమ్మ పట్టుబట్టింది. "దేవుడు మేలు చేసినాడు. ఆదివారం సంఘంలో సాక్ష్యం చెప్పల్ల మే. మేలు దాచిపెట్టుకుంటే నిలవదు."

మా చర్చి సంఘంలో సాక్ష్యమంటే నాలుగు ముక్కల్లో ముగించేది కాదు. జ్వరం తగ్గిందంటే అది ఎన్ని రోజులు కాసిందో, ఏ మందు పనిచేయలేదో కూడా చెప్పాలి. నేనూ అలాగే చెప్పాను. పట్టీని తిరగేసి పట్టుకుని, ఎక్కడ కత్తిరించానో, ఎక్కడ కుట్టు వేశానో, ఎందుకు వేశానో మైకులో వివరించాను. అందరూ స్తోత్రం అన్నారు. మా చర్చిలో ఆదివారం ఆరాధనను యూట్యూబులో పెడతారు. అదీ పెట్టారు.

నాలుగు నెలల తర్వాత పేటెంటుకు దరఖాస్తు చేశాం. కర్నూలు లాయరు ఉమామహేశ్వర కాగితాలన్నీ రాసిపెట్టాడు. ఇంతకుముందు ఎవరికైనా చూపించారా అని ఆయన అడిగాడు. ఎవరికీ అమ్మలేదు, చూపించలేదు అన్నాను. దేవునికి చెప్పుకున్నది లోకానికి చెప్పినట్టేనని నాకేం తెలుసు?

దరఖాస్తు చేసి ఏడాది తిరగకముందే కర్నూలులో ఒక ఆటసామాన్ల కొట్లో నా పట్టీ వేలాడుతూ కనిపించింది. అదే ఏటవాలు కత్తిరింపు, అదే అడ్డకుట్టు. మీద ఎవరిదో ఉత్తరాది కంపెనీ పేరు. అది చాలలేదు వాళ్లకు. పేటెంట్ ఆఫీసు నా దరఖాస్తును ప్రచురించగానే దానికీ అడ్డం పడ్డారు. ఇందులో కొత్తేమీ లేదు, ఇది ముందే లోకానికి తెలుసు అంటూ నా సాక్ష్యం వీడియోనే జతచేశారు. దొంగే దొంగా దొంగా అని అరవడం అంటే ఇదే.

ఉమామహేశ్వర తల పట్టుకున్నాడు. "ముందే అందరి ముందర చెప్పేస్తే, మనదైనా సరే, కొత్తది కింద లెక్కరాదమ్మా. చట్టం అట్లుండాది."

"చూసి చేసుకున్నోళ్లకు ఏ చట్టమూ ల్యాదా అప్పా?"

ఆయన ఫైలు మూసి, విచారణ తేదీ రాసిచ్చాడు.

విచారణకు ముందు రోజు అత్త వచ్చి నా మిషను పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు సంఘంలో చెప్పింది ఇది కాదు, వేరేది అని చెప్పు మే. ఆ పాపం నాకు రానీ. నిన్ను నిలబెట్టింది నేనే కదా."

పిల్లలు ఆటకు ఆడే అబద్ధాన్ని కూడా సహించని మనిషి. ఆమె నోట ఆ మాట విన్నాక నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు, ఆమెతో ఆ మాట అనిపించిన వాళ్ల మీద.

మరునాడు విచారణ ఫోన్లో వీడియో కాల్‌గానే జరిగింది. కంపెనీ లాయరు వీడియో వేసి, ఇందులో ఉన్నది మీరేనా అని అడిగాడు.

"నేనే."

"మాట్లాడుతున్నది ఈ పట్టీ గురించేనా?"

"ఈ పట్టీ గురించే. నేనే కనిపెట్టినా, నేనే కుట్టినా. మీ కంపెనీ దీన్ని యాడ చూసి నేర్చుకునిందో మీరే చూపిస్తాండారు కదా సార్. అది కూడా రాసుకోండి."

అధికారి రాసుకున్నారు. దరఖాస్తు కొట్టేశారు. ఉమామహేశ్వర ఆ ఉత్తర్వును నాకు తెలుగులో చెబుతూ ఆరో పేజీ దగ్గర ఆగాడు. ఈ పట్టీని తానే తయారుచేశానని దరఖాస్తుదారు రెజీనా సంఘంలో బహిరంగంగా వివరించింది, కంపెనీ సరుకు అమ్మకానికి వచ్చింది ఆ తర్వాతే అని అందులో ఉంది. నాది కాదని తేల్చిన కాగితమే అది. మళ్లీ చదవమన్నాను. ఆయన మళ్లీ చదివాడు.

ఆ పేజీని జెరాక్స్ తీయించాను. ఇప్పుడు కుట్టే ప్రతి జతతో పాటు ఒక కాపీ మడతపెట్టి కవరులో వేస్తున్నాను. నా పేరున్న వాక్యం కింద అత్త ఎర్ర పెన్నుతో గీత గీస్తుంది. నిన్న నాకు చెప్పకుండా ఒక జతను కవరుతో సహా తీసుకుని కర్నూలు వెళ్లి, ఆ కొట్లో కంపెనీ పట్టీల పక్కనే కొక్కేనికి తగిలించి వచ్చింది. ఇదేమిటని కొట్టాయన అడిగాడట.

"సాక్ష్యం నాయనా," అందట అత్త. "గీత గీసినకాడ చదువు."