నసీమున్నీసా టీచరు డస్టరు

మిరపకోతల రోజుల్లో వినుకొండ దగ్గరి ఆ హైస్కూల్లో పాఠానికంటే ముందు డస్టరు పని మొదలయ్యేది. పొద్దున్నే చేలో కాయ కోసి, మండే చేతులతో బడికొచ్చిన పిల్లలు వరసకట్టేవాళ్లు. నసీమున్నీసా టీచరు బోర్డు డస్టరుతో వాళ్ల అరచేతులు తుడిస్తే మంట పోయేది. ఆవిడ దేన్ని తుడిచినా అంతే, పోయింది మళ్లీ రాదు. "నా మోకాలి నొప్పి కూడా తుడవరాదా అమ్మా" అని అటెండరు యలమందయ్య రోజూ సతాయించేవాడు. "నొప్పితోపాటు మోకాలూ పోతే ఏం చేస్తావయ్యా?" అనేది ఆవిడ.

రెండువేల నాలుగులో బడికి మూడు కంప్యూటర్లొచ్చాయి. వెనకే ఓ కాగితం కూడా వచ్చింది. టీచర్లు తమకేం వచ్చో తామే రాసివ్వాలట. 'ఆన్ చేయడం' దగ్గర నసీమున్నీసా టీచరు 'రాదు' అని రాసింది. 'టైపు చేయడం' దగ్గరా అంతే. 'తప్పు దిద్దడం' దగ్గర మాత్రం నవ్వుకుని 'వచ్చు' అని రాసింది. ఇరవయ్యారేళ్లుగా చేస్తున్నది అదే కదా.

కంప్యూటర్ నేర్పే యేసుపాదం ఆవిడకి కొడుకు వయసువాడు. అతని ముందు తడబడాలంటే ఆవిడకి చచ్చేంత సిగ్గు. అయినా మానలేదు. ఇంట్లో అట్టముక్క మీద కీబోర్డు గీసుకుని మరీ సాధన చేసింది. ఒంటివేలి టైపు పట్టుబడగానే హెడ్మాస్టరు గారు పదో తరగతి పరీక్ష జాబితా ఆవిడకే అప్పజెప్పారు. సాయంత్రం ఐదుకి జాబితా ఎక్కించిన ఫ్లాపీ గుంటూరు వెళ్లాలి. అందులో పేరు లేకపోతే హాల్‌టికెట్ రాదు.

ముప్ఫైరెండో పేరు కూలికెళ్లే షాజాదీ కూతురిది. ఆ ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి పిల్ల. పేరు మాత్రం నన్నడక్కండి, ఇప్పుడెవరికీ తెలీదు.

ఆ పిల్ల పుట్టిన సంవత్సరం తప్పు పడింది. అలవాటులో పొరపాటని ఊరికే అన్నారా? టీచరు చెయ్యి మీటల మీదికి పోకుండా డస్టరు మీదికి పోయింది. తెర మీద ఆ వరసంతా తుడిచేసింది.

యేసుపాదం తల పట్టుకున్నాడు. "వెనక్కి తెచ్చే మీట ఒకటుంది మేడం. మీ డస్టరు తుడిచిందైతే దానికీ లొంగదండి."

హాజరుపట్టీ తీస్తే అక్కడా ఆ వరస ఖాళీ. పిల్లని పిలిచి "నీ పేరేంటమ్మా?" అని అడిగితే, నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. చేలోంచి షాజాదీని పిలిపించారు. ఆమె కూతురి మొహంలోకి చూసి చూసి, "నాకూ రావట్లేదు టీచరమ్మా" అని ఏడ్చింది.

నసీమున్నీసా గడియారం చూసి షాజాదీ వైపు తిరిగింది. ఐదవడానికి పది నిమిషాలుంది.

"ఏదో ఒక పేరు పెట్టమ్మా."

"ఉన్న పేరుండగా ఇంకోటి ఎట్టా పెట్టేది?"

ఇంక ఎవరి పేరని పెడుతుంది టీచరు, పాపం? ఒంటివేలితో ఒక్కో అక్షరం కొడుతూ ఖాళీ వరసలో తన పేరే ఎక్కించింది.

పిల్ల ఆ పేరుతోనే పరీక్ష రాసి ఫస్టుక్లాసులో పాసయింది. షాజాదీ మాత్రం ఈనాటికీ కూతుర్ని పేరుపెట్టి పిలవలేదు, "అమ్మాయ్" అంటుంది.

మరుసటేడు అదే కాగితం మళ్లీ వచ్చింది. ఆన్ చేయడం, వచ్చు. టైపు చేయడం, వచ్చు. 'తప్పు దిద్దడం' దగ్గర మాత్రం నసీమున్నీసా టీచరు 'రాదు' అని రాసిచ్చింది.