చెంప ఆనించే చోటు

నేను ఒక తుపాకీ చట్రాన్ని. ప్రాణాలు తీసే తుపాకీ కాదు. పది మీటర్ల అవతల కాగితంపై చుక్కను వెతికే పోటీ తుపాకీ. గొట్టాన్నీ మీటనూ నా వెన్నుపై బిగిస్తారు. అల్యూమినియం దిమ్మెను యంత్రం చెక్కగా పుట్టాను కనుక నాకు సొంత వెచ్చదనం లేదు. నన్ను భుజానికెత్తిన వారి చెంప నుంచే అది నాకు రావాలి.

మొదట ఇచ్చింది సికింద్రాబాదు అమ్మాయి కృపావతి. రాష్ట్ర పోటీకి ముందురోజు తుపాకులన్నింటినీ శిక్షకుడు ధనుంజయరావు గదిలో ఉంచారు. ఆ మధ్యాహ్నం ఒక చెయ్యి నా పిడి వెనుక ఏదో కుక్కి, నల్లమైనం పూసింది. ఆ చేతిని నేనెరుగుదును. నాకు నోరు లేదు.

కృపావతి గెలిచింది. కానీ పోటీ తరువాతి తూకంలో నేను నియమం కంటే ఇరవై గ్రాములు ఎక్కువ తూగాను. పతకం ధనుంజయరావు తమ్ముడి కూతురికి వెళ్ళింది. నోటీసు బోర్డుపై కృపావతి పేరు పక్కన 'మోసం' అని రాశారు. ఆమె నన్ను ఇంటికి తెచ్చి, మరలన్నీ విప్పి వెతికింది. దొరకలేదు. రెండేళ్ళ తరువాత ఒక విషజ్వరం ఆమెను తీసుకుపోయింది. పోయే ముందు లేచివచ్చి నాపై చెంప ఆనించింది. కాలిపోతున్న ఆ చెంప నాకు మంచులా తగిలింది. ఆ చలి అక్కడే ఉండిపోయింది.

మందుల దుకాణంలో పనిచేసే మృదుల నన్ను కృపావతి తల్లి దగ్గర కొన్నది. మనుషులు కొనేటప్పుడు సవాలక్ష ప్రశ్నలు వేస్తారు. ఎందుకు అమ్ముతున్నారని మాత్రం అడగరు. ధనుంజయరావు దగ్గరే సాధనకు చేరి, మొదటిరోజే నాపై చెంప ఆనించగానే ఆమె ఉలిక్కిపడి తల ఎత్తింది.

"సార్, ఇక్కడ ముందే ఎవరో చెంప పెట్టి ఉన్నట్టుంది."

ధనుంజయరావు ముఖంలో నెత్తురు లేదు. "పాత సామానుకు భయమెందుకమ్మా? అది నాకిచ్చెయ్. రెండు లక్షలు పెట్టి కొత్తది తెప్పించుకో. నెలలో సెలెక్షన్లు."

రెండు లక్షలంటే ఆమెకు పధ్నాలుగు నెలల జీతం. ఆ శిక్షణ కేంద్రంలోనే తుపాకులు బాగుచేసే ఖాజా మియా పదకొండు వేలు చాలన్నాడు: కొత్త చెంపదిండు, భుజపు కొక్కెం, నాలుగు బరువు బిళ్ళలు. ఆమె అదే ఎంచుకున్నది.

బరువు ఎటు మొగ్గుతుందో చూడటానికి ఖాజా మియా నన్ను నూలుతాడుకు వేలాడదీశాడు. "ఫ్యాన్ బంద్ చెయ్యి బిడ్డా." గాలి ఆగింది. అయినా నేను మెల్లగా తిరిగాను. పిడి కిందికి వాలింది. గొట్టం శిక్షకుడి గది తలుపువైపు నిలిచింది. మూడుసార్లూ అంతే.

"నీ తుపాకికి ఎవరిమీదనో కోపమున్నట్టుంది," అన్నాడు. నవ్వలేదు. పిడి వెనుక దీపం పెట్టి చూసి, తీగతో మైనం గీకాడు. సీసపు ముద్ద జారిపడింది. అరవై గ్రాములు.

"ఇది కంపెనీది కాదు. ఎవరో చేత్తోని కుక్కిండ్రు. ఈ అరవై లేకుంటె ఆ పిల్ల తుపాకి తక్కువనే తూగేది; ఇరవై గ్రాములకే పతకం పోయింది బిడ్డా." ముద్దను ఆమె చేతిలో పెట్టి అన్నాడు: "ఇగ తుపాకి సక్కగైంది. సెలెక్షన్‌కన్న పో, లేకుంటె నోరన్న తెరువు. రెండూ అంటె కుదరది."

నిజమే. ఫిర్యాదు చేస్తే నన్ను సాక్ష్యంగా స్వాధీనం చేసుకుంటారు. జట్టు జాబితా రాసేది ధనుంజయరావు. మృదుల సీసాన్ని పిడికిట బిగించింది. తరువాత నాపై చెంప ఆనించింది. ఈసారి ఉలిక్కిపడలేదు. లేచి, ఫిర్యాదు రాయడానికి కాగితం అడిగింది.

సెలెక్షన్ల రోజునే రాష్ట్ర షూటింగ్ సంఘం విచారణ పెట్టింది.

"చచ్చిపోయిన పిల్ల కోసం ఇప్పుడిదంతా ఎందుకండీ? ఆమే పెట్టుకొని ఉంటది," అన్నాడు ధనుంజయరావు.

"అట్లయితె సార్, ఒక్కసారి భుజానికెత్తి, చెంప ఆనించి, గదే మాట అనుండ్రి," అన్నాడు ఖాజా మియా.

సభ్యులు నవ్వారు. అతడూ నవ్వుతూ నన్ను ఎత్తాడు. చెంప తగిలింది. నవ్వు అతడి ముఖం మీదే గడ్డకట్టింది.

"తియ్యమ్మా... నీ చెంప తియ్యి," అన్నాడు గొణుగుతూ. "ఆ సీసం ఒక్కరోజు కోసమే పెట్టిన."

మృదుల అతడికి పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నది.

అతడి చేతుల్లోంచి జారాను. బండలపై పడి నేను వంగిపోయాను.

పతకాన్ని కృపావతి తల్లి చేతికిచ్చారు. మృదులకు ఆ ఏడు జట్టులో చోటు లేదు. నేను సంఘం కార్యాలయంలో ఇనుప బీరువాలో ఉన్నాను. నన్ను సరిచేయడానికి ఎంతవుతుందని కార్యదర్శి మొన్న అడిగాడు.

"చెయ్యొద్దు సాబ్," అన్నాడు ఖాజా మియా. "కొత్త శిక్షకుడు ఎవరొచ్చినా ముందుగాల దీన్నే ఎత్తమనుండ్రి."