ధాత కరువు పటం

మా ఆయన యేసుప్రసాద్ ఏదైనా చెడ్డపని చేసి ఉంటే బాగుండేది. నోరారా తిట్టి ఊరుకునేదాన్ని.

కమలాపురం దగ్గర మా ఊరి చర్చిలో ఒక పాత పటం ఉంది. నూట యాభై ఏళ్ల కిందటి ధాత కరువులో ఈ చర్చి కడుతున్నప్పుడు, ఇక్కడుండే మిషనరీ దొర చెల్లెలు గుడ్డమీద రంగులతో వేసిందట. కాపురానికి వచ్చిన కొత్తలో అది నా కంటికి ఆనలేదు. ముప్పావు వంతు బూడిదరంగు ఆకాశం, పగుళ్లిచ్చిన నేల, ఇంకా కప్పు పడని చర్చి. దానివైపు రాళ్లగంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక ఆడమనిషి వీపు. ఇంతేనా అనుకున్నాను.

"అట్లగాదు ప్రసన్నా, ఆ మెడ సూడు," అంది మా అత్త రాహేలమ్మ. "మా అవ్వకు అవ్వ. కరువులో గింజల కూలికి రాళ్లు మోసినాది."

చూశాను. బరువుకు ఆ మెడ ఒక్క పిసరు పక్కకు వాలి ఉంది. ఆ దొరసాని ఎండలో నిలబడి ఎంత కనికరంగా చూసి ఉంటే ఆ వాలు పట్టుకోగలిగిందో అప్పుడు తెలిసింది. మా అత్తకు పెద్దల గుర్తంటూ మిగిలింది ఆ వీపు ఒక్కటే. పాస్టరుగారు ప్రార్థనకు కళ్లు మూసుకోమన్నా ఆమె చూపు అటే ఉండేది.

మొన్న చర్చి ప్రతిష్ఠ పండుగ వచ్చింది. గోడలమీద ప్రకటనలు రాసే పెయింటరు మా ఆయన. సంఘపెద్దలు సరేననడంతో పటాన్ని ఇంటికి తెచ్చి, పైసా ఆశించకుండా, తిండీ నిద్రా మరిచి, దానిమీదే రంగులు వేసి కొత్తది చేశాడు. పండుగనాడు తెర తీశారు. నీలం ఆకాశం, నేలంతా వరిపైరు. నెత్తిన గంప లేదు. ఆమె జరీచీర కట్టుకుని, చేతిలో బైబిలుతో, మనవైపు తిరిగి నవ్వుతోంది. ముఖం మా అత్తది.

జనమంతా చప్పట్లు కొట్టారు. ఆయన కళ్లలో నీళ్లు.

"ఇంగ మన అవ్వ రాళ్లు మోసే పని ల్యా, అమ్మా. ఎట్లుండాది?"

"శానా బాగుండాది నాయనా," అంది అత్త.

అంటూనే ఆమె కళ్లు పటంలో ఆ పాత మెడ వాలు కోసం వెతకడం పక్కనున్న నేను చూశాను. కానీ అంత ప్రేమతో చేసినవాణ్ణి పట్టుకుని ఏమని తిట్టను?

సోమవారం ఆయన కడపకు పనికి పోగానే అత్త ఆయన రంగు కరిగించే తిన్నరు సీసా తీసింది.

"పైరంగు తుడిస్తే అడుగున అవ్వ ఉంటాది గదా?"

ఇద్దరం చర్చికి పోయాం. ముందు ఒక మూలన, పైరు ఉన్నచోట, తిన్నరులో తడిపిన గుడ్డతో రుద్దాను. పచ్చరంగు వచ్చింది. దాని వెనకే పాత మన్నురంగూ ఊడి వచ్చేసింది. అడుగున ఉత్త తెల్లగుడ్డ. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"సాల్లేమ్మా. వానికి సెప్పాకు."

ఆదివారం ఆ మచ్చ ఆయన కంట పడనే పడింది. "చెమ్మకు లేసినట్టుండాది," అంటూ ఇంటికి పోయి బ్రష్షు, డబ్బా తెచ్చాడు. నేను నోరు తెరిచేలోగా అత్త నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. లేచి వెళ్లి, కొడుకు చేతికి అందేటట్టు ఆ పచ్చరంగు డబ్బా పట్టుకుని నిలబడింది.