కాలి గ్లాసులో నవమి పానకం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఎక్కడైనా ఒత్తు జారిపోతే మీరే పెట్టుకుని చదువుకోండి. చెయ్యి కూడా నెమ్మది. మామిడికాయలు వచ్చే రోజుల్లో ఈ కాగితాలు మొదలుపెట్టాను, ఇప్పుడు వీధిలో నేరేడుపళ్ళు అమ్ముతున్నారు.

జగ్గయ్యపేటలో మాది కిరాణా హోల్‌సేల్ కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు, ఆ పైన డాబా. మా ఆయన బ్రహ్మయ్యగారు పోయాక కొట్టు మా అబ్బాయి గిరీష్ చూసుకుంటున్నాడు. కరోనా వచ్చిన ఏడాది మా మనవరాలు ఉషశ్రీకి నందిగామ సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు నాగసాయి. ఏప్రిల్‌లో ముహూర్తం. శుభలేఖలు సగం పంచేసరికి లాక్‌డౌన్ పెట్టారు. నందిగామ ఎంత దూరం, బస్సెక్కితే ముప్పావు గంట. ఆ రోజుల్లో మాత్రం అది ఫోన్లో తప్ప కనపడని ఊరైపోయింది.

పెళ్ళి విందులో ఐస్‌క్రీం పెట్టడానికని గిరీష్ ముందే పన్నెండు డజన్ల గాజు గ్లాసులు తెప్పించాడు. ఒంటికాలి మీద నిలబడే గ్లాసులు. అట్టపెట్టెల్లో గడ్డి మధ్య పడుకుని ఉండేవి. పెళ్ళి ఆగిపోయిన రెండు రోజులకే ఉషశ్రీ ఒక పెట్టె విప్పింది.

“నానమ్మా, ఊరికే పడున్నాయి. కాక్‌టెయిల్స్ చేద్దామా?”

“అంటే ఏంటే?”

“రంగురంగుల నీళ్ళు. బయట మందు పోసి చేస్తారు. మనం సోడా పోద్దాం.”

“మీ నాన్న వింటే?”

“మొదటి గ్లాసు నాన్నకే ఇద్దాం. ఇంక మాట్లాడడు.”

అలా మొదలైంది. మేం వెళ్ళలేని ఊరు రోజుకొకటి గ్లాసులోకి వచ్చేది. మొదటిది తెలంగాణ హద్దులోని గరికపాడు చెక్‌పోస్టు. అడుగున దానిమ్మ రసం, దాని మీద చెంచా బోర్లించి మెల్లగా నిమ్మ సోడా. ఎరుపు కిందే ఉండాలి, తెలుపు పైనే ఉండాలి. “కలిపావంటే పోలీసులు పట్టుకుంటారు నానమ్మా,” అనేది. రెండోది మునేరు, మా వైపు పారే ఏరు. సుగంధి సిరప్పు, సోడా, ఇసుక బదులు నానబెట్టిన సబ్జా గింజలు, పడవ బదులు ఒక పుదీనా ఆకు. మూడోది చందర్లపాడు, మా పుట్టిల్లు. పచ్చిమామిడి రసం పోసి, గ్లాసు అంచుకి ఉప్పూ కారం రాసింది.

ఆ గ్లాసు పెదవికి తగలగానే నేను డాబా మీద లేను. మిరప కళ్ళంలో ఉన్నాను. ఏడేళ్ళ పిల్లని. నేలంతా ఎర్రగా పరుచుకుని ఉంది. గాలికి మిరపకాయలు గలగలమంటున్నాయి. తుమ్ము వచ్చింది, కళ్ళు తెరిచాను. ఎదురుగా మా కోడలు ప్రమీలారాణి నవ్వుతూ ఉంది. “ఎక్కడిదాకా వెళ్ళొచ్చారు అత్తయ్యా?” అంది.

అప్పటికి నేను అక్షరాలు దిద్దబట్టి ఏడాది. చిన్నప్పుడు మా ఇంట్లో ఆడపిల్లల్ని బడికి పంపలేదు. కొట్లో ఏ డబ్బాలో ఏముందో వాసనతోనే చెప్పేదాన్ని, ఆ తెలివితోనే బతుకు గడిచిపోయింది. ఆయన పోయాక ఉషశ్రీ పలక కొనిచ్చింది. లాక్‌డౌన్‌లో నాకు కొత్త పని పెట్టింది. ప్రతి పానీయానికీ చీటీ మీద పేరు రాసి గ్లాసుకి అంటించాలి. ‘గరికపాడు’ రాయడానికి ఒక సాయంత్రం పట్టింది. ‘మునేరు’ తేలిగ్గానే వచ్చింది.

పొద్దు వాలే వేళకి నందిగామలో నాగసాయి వాళ్ళ డాబా ఎక్కేవాడు. ఇక్కడ ఏం కలిపితే అక్కడా అదే కలిపేవాడు, స్టీలు గ్లాసులో. ఇద్దరూ ఫోనుకి గ్లాసు ఆనించి నవ్వుకునేవాళ్ళు. హైవే మీద లారీ లేదు. ఊరంతా ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, గ్లాసులో సోడా బుడగలు పగలడం వినపడేది.

అంతలో శ్రీరామనవమి వచ్చింది. పానకం కలపడం మా ఇంట్లో నా పని. దేవుడికి పెట్టేది ముందు రుచి చూడకూడదు. గరిటెతో ఎత్తి పోస్తే ధార ఎలా పడుతుందో చూస్తాను, ముక్కుతో మిరియం ఘాటు చూస్తాను, అంతే. ఆ ఏడు బెల్లం కూడా నందిగామదే. నాగసాయి తాతగారు దశరథరామయ్యగారిది బెల్లం వ్యాపారం. నిశ్చితార్థానికి పళ్ళెం నిండా అచ్చులు తెచ్చారు.

నైవేద్యం పెట్టి డాబా మీద కూర్చున్నాం. ఉషశ్రీ నాకు స్టీలు గ్లాసులో పోసి తెచ్చింది.

“నాకూ ఆ కాలి గ్లాసులోనే పొయ్యవే,” అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

పిల్ల మురిసిపోయింది. అంచుకి పంచదార అద్దింది, నిమ్మచెక్క గుచ్చింది. గ్లాసు ఎత్తి సూర్యుడికి అడ్డం పెట్టాను. జగ్గయ్యపేట మొత్తం బెల్లం రంగులోకి దిగింది. డాబాలు, నీళ్ళ ట్యాంకులు, కరెంటు తీగల మీద కాకులు, అన్నీ తియ్యటి నీళ్ళలో మెల్లగా ఊగుతున్నాయి. మా ఆయన కూడా అక్కడే ఎక్కడో కొట్టు మూసి తాళం వేస్తున్నట్టు అనిపించింది. అప్పుడే పిల్ల ఫోటో తీసి తన ఫోన్ స్టేటస్‌లో పెట్టింది. కింద ‘నవమి కాక్‌టెయిల్, తయారీ మా నానమ్మ’ అని రాసింది.

మర్నాడు పొద్దున్నే దశరథరామయ్యగారు ఫోన్ చేశారు. గిరీష్ స్పీకర్ పెట్టాడు.

“ఏవయ్యా గిరీషూ, పెద్దావిడే నవమి నాడు గ్లాసు పట్టుకు కూచుంటే ఇంక పిల్లని ఏవంటాం?”

“అయ్యో, అది పానకం మావయ్యగారూ!”

“పానకం బిందెలో కలిపి చెంబుతో పోస్తారు. అంచుకి ఉప్పు రాసి నిమ్మకాయ గుచ్చరు.”

“ఉప్పు కాదండీ, పంచదార.”

“ఏదో ఒకటి. కింద పేరు కూడా పెట్టుకున్నారుగా! మావాణ్ణి అడిగితే, నేనూ రోజూ అవే తాగుతున్నా తాతయ్యా అంటున్నాడు. వాణ్ణి కూడా అలవాటు చేశారా? ముహూర్తం ఎలాగూ పోయింది. సంబంధాన్నీ అలాగే పోనిద్దాం.”

ఆయన తమ్ముడు తాగుడుతోనే పోయాడని మాకు తర్వాత తెలిసింది. ఆ ఇంట్లో గాజు గ్లాసు కూడా ఉంచరట. గిరీష్ మళ్ళీ రెండుసార్లు చేశాడు. ఆయన ఎత్తలేదు. నాగసాయి ఎంత చెప్పినా ఆ ఇంట్లో పెద్దాయన మాటే మాట.

ఉషశ్రీ ఏడవలేదు. గ్లాసులు కడిగి, తుడిచి, ఒక్కొక్కటీ గడ్డిలో పడుకోబెట్టి పెట్టె మూసేసింది. తల్లి తిట్టినా, తండ్రి విసుక్కున్నా, కాలి గ్లాసు అడిగింది నానమ్మే అని ఒక్క మాట చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి డాబా మీదికి ఎవరూ రాలేదు.

నేను చెప్పే మాట ఆయన ఫోన్లో వినరు. రాసింది అయితే ఎదురుగా ఉంటుంది కదా అనుకున్నాను. మూడు రోజులు కూర్చున్నాను. కాగితాలు చింపాను, మళ్ళీ రాశాను. అది నా మొదటి ఉత్తరం.

‘దశరథరామయ్య అన్నయ్యగారికి నాగేంద్రమ్మ నమస్కారం. ఆ రోజు నా చేతిలో ఉన్నది ఇదే. నీళ్ళు, బెల్లం, మిరియాలు, శొంఠి, యాలకులు, పచ్చకర్పూరం. ఇంకేం లేదు. బెల్లం మీరు పెట్టిందే. గ్లాసు తప్పు నాది. నేనే అడిగాను. పిల్లది కాదు. తాగి చెప్పండి.’

నిశ్చితార్థం బెల్లంలో ఒక్క అచ్చే మిగిలింది. తెల్లవారుజామున దాన్ని నలగ్గొట్టి కలిపాను. మళ్ళీ రుచి చూడకుండానే. రాముడి పటం ముందు పెట్టి, రెండు సీసాల్లో పోసి, చీటీ మీద ‘పానకం’ అని రాసి అంటించాను. మా సరుకు ఆటో డేవిడ్‌రాజు నడుపుతాడు. పాస్ ఉంది కాబట్టి రోజూ పొద్దున నందిగామ వెళ్ళొస్తాడు. అతని చేతికిచ్చాను.

మధ్యాహ్నానికి వచ్చాడు.

“దారిలో పోలీసులు ఆపారండి అమ్మగారూ. తెలంగాణ నుంచొచ్చిన మందనుకున్నారు. మూత తీసి వాసన చూసి, ఏ గుడిదిరా ఇది అన్నారండి. కాస్త పొయ్యమన్నారు. పోశా. ఒక సీసా అయిపోయింది.”

“మొత్తమా?”

“ఎండలో నలుగురు నిలబడున్నారండి, పాపం.”

“రెండోది?”

“పెద్దాయన గుమ్మం బయటే పెట్టమన్నారు. ఉత్తరాన్ని కర్రతో లాక్కున్నారండి. సీసాని సబ్బునీళ్ళతో కడిగించారు. నేనున్నంతసేపూ మూత మాత్రం తియ్యలా.”

ఆ పగలు ఎంతకీ తరగలేదు. పొద్దు వాలుతుండగా ఒక్కదాన్నే డాబా ఎక్కాను. వెనకాలే ఉషశ్రీ వచ్చి నా పక్కన కూర్చుంది. ఉత్తరం సంగతి అప్పుడు చెప్పాను. నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

ఫోన్ మోగింది. నందిగామ. పిల్ల ఫోను నా వైపు తిప్పింది. నేనే నొక్కాను.

తెర మీద దశరథరామయ్యగారి ముఖం, చాలా దగ్గరగా. చేతిలో స్టీలు గ్లాసు.

“శొంఠి ఎక్కువైంది చెల్లెమ్మా,” అన్నారు.

“దేవుడికి పెట్టేది రుచి చూడం కదండీ అన్నయ్యగారూ.”

ఆయన గ్లాసులోకి చూశారు. “అదీ నిజమే.”

“మరి బెల్లం?”

“బెల్లం నాదే. గుటక వేశాక చివర్లో కాస్త ఉప్పన తగులుద్ది. ఆ సరుకు ఈ చుట్టుపక్కల నా దగ్గర తప్ప లేదు.” గొంతు సవరించుకున్నారు. “ఉత్తరం మీరే రాశారా?”

“నేనేనండి. మూడు రోజులు పట్టింది.”

“నాకు చదవడానికి అంత పట్టలేదులే.” మీసాల్లో నవ్వారు. తర్వాత నవ్వు తగ్గింది. “గ్లాసు చూసి భయపడ్డానమ్మా. మా తమ్ముడి చేతిలో చూశాను అలాంటివి. ఏదీ, పిల్ల అక్కడుందా?”

ఉషశ్రీ ముఖం తెరలోకి వచ్చింది. “ఉన్నా తాతయ్యగారూ.”

“ఈ స్టీలు గ్లాసులో రంగు కనపట్టం లేదమ్మా. ఆ కాలి గ్లాసు ఒకటి రేపు ఆటోలో పంపించు. మా ఊరి పేరుతో ఏదైనా చెయ్యకూడదూ? అన్ని ఊళ్ళూ చేశావంట, నందిగామ లేదంట!”

ఆయన వెనక ఎవరో ఎగిరి గంతేసినట్టు తెర ఊగింది. నాగసాయే అయ్యుంటాడు. ఉషశ్రీ అప్పుడు ఏడ్చింది.

శ్రావణంలో పెళ్ళి జరిగింది. ఇరవై మందిమే. నూట నలభై నాలుగు గ్లాసుల్లో ఇరవై బయటికి తీశాం. ఐస్‌క్రీం లేదు. పానకం పోశాం, శొంఠి కాస్త తగ్గించి. దశరథరామయ్యగారు తన గ్లాసుని కాడ దగ్గర రెండు వేళ్ళతో జాగ్రత్తగా పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. దాన్ని వెలుగుకి ఎత్తి ఒక కన్ను మూసి చూశారు. అందులో ఆయనకి ఏ ఊరు కనపడిందో నేను అడగలేదు. చాలాసేపు దించలేదు.

నాగేంద్రమ్మ, డెబ్భై మూడేళ్ళు. జగ్గయ్యపేట. అప్పుడు కృష్ణా జిల్లా అనేవాళ్ళు, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు. నేను ఉండేది ఆ డాబా కిందే.