వెంకటస్వామి గారి అగ్గిపెట్టెలు

నేరం జరిగింది మధ్యాహ్నం రెండుంపావుకి. అక్కడే హెడ్ కానిస్టేబుల్ గోవిందరాజులుకి సగం నీరసం వచ్చేసింది. అమలాపురంలో అద్దెకి తెచ్చుకుని అట్టలూడిపోయేదాకా చదివిన డిటెక్టివు నవలల్లో నేరం ఎప్పుడూ కుండపోత వర్షంలో, ఉరుములూ మెరుపుల మధ్య జరుగుతుంది. ఇక్కడేమో ఊరు ఊరంతా గుత్తొంకాయతో భోంచేసి గుర్రుపెడుతుంటే జరిగింది. సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి కురిడీ కొట్టు, అటకల మీద ఏడాదిగా ఎండుతున్న కొబ్బరికాయలతో సహా, గంటలో బూడిదైపోయింది.

కొట్టు కాలిందంటే ఎవణ్ణి పట్టుకోవాలో పోలీసులకి ఒకరు చెప్పాలా? డ్రాగన్ని పట్టుకోవాలి. కోనసీమ డ్రాగన్లు నిన్నగాక మొన్నొచ్చినోళ్ళు కాదండీ. గోదారిలో లంకలు తేలినప్పట్నించీ ఉన్నారు. వానాకాలంలో వాళ్ళు అటకల కింద కూచుని రోజుల తరబడి వెచ్చగా ఊదబట్టే కాయ బూజెక్కకుండా కురిడీ అవుతోంది. ఆ కురిడీలు లారీలెక్కి దేశమంతా పోతాయి, ఊదినోడు మాత్రం ఊదినచోటే ఉంటాడు. గడ్డిమేటు అంటుకున్నా డ్రాగనే, వంటింట్లో పాలు పొంగి మాడినా డ్రాగనే. ఏ ఏడైనా ఎండ ఎక్కువ కాస్తే అప్పుడూ వీళ్ళ వంకే అనుమానంగా చూస్తారు.

ఈసారి దొరికినోడు వెంకటస్వామి గారు. రెండొందల నలభై ఏళ్ళ మనిషి. మనిషంటే డ్రాగనే లెండి, ఆయన్ని చూస్తే మనిషనే అనబుద్ధేస్తుంది. కాలిన కొట్టు ముందు నోరు తెరుచుకుని నిలబడ్డవాణ్ణి పట్టుకుని వెతికితే, ఎడం రెక్క మడతలో రెండు అగ్గిపెట్టెలు దొరికేయి.

"డ్రాగన్, అగ్గిపెట్టె, కాలిన కొట్టు. ఇంకేం కావాలయ్యా?" అన్నాడు ఎస్సై రాజేంద్రప్రసాద్.

ఆ స్టేషను ఏ ఊళ్ళోదో నేను చెప్పను, చెప్తే నన్నూ లోపలేస్తారు. ఆ స్టేషను మొత్తానికి ఒక్కగానొక్క డ్రాగన్ గోవిందరాజులు. డెబ్భై ఏళ్ళ సర్వీసు. డ్రాగన్లకి రిటైర్మెంటు లేదు, ప్రమోషనూ లేదు. పొద్దున్నే ఎస్సై గారి టీ వేడిచెయ్యడం, సిగరెట్టు ముట్టించడం, ఏడాదికోసారి పాత ఫైళ్ళు తగలెట్టడం, ఇదీ ఆయన చేసే శాంతిభద్రతల పరిరక్షణ. ఇంతకాలంలో ఆయన పేరు ఎక్కింది ఒక్క బాతుల దొంగతనం కేసులో. అదీ అనుమానితుల జాబితాలో.

అందుకే ఎస్సై ముందు నిలబడి, "ఈ కేసు నాకివ్వండి సార్" అన్నప్పుడు ఆయన తోక వణికింది. వెంకటస్వామి గారంటే ఆయనకి బాబాయి వరస. చిన్నప్పుడు ఒళ్ళో కూచోబెట్టుకుని, దగ్గు రాకుండా మంట ఊదడం నేర్పింది ఆయనే.

ఎస్సై జాలిపడ్డాడో, తనకి పని తప్పుతుందనుకున్నాడో, "మూడ్రోజులు" అన్నాడు.

గోవిందరాజులు వెంటనే పొడుగు కోటు కుట్టించేడు. మే నెల ఎండలో! టైలరు రెక్కలకి కన్నాలు పెట్టడం మర్చిపోతే, రెక్కలు లోపల నలుగుతున్నా సరే దాన్నే వేసుకుని, చెమటలు కక్కుతూ దర్యాప్తుకి బయల్దేరేడు.

స్టేషను గేటు బయట అప్పటికే జనం. డ్రాగన్ల సంఘం కుర్రాళ్ళు, వాళ్ళ నాయకుడు తాతాజీ. పెద్ద ఫ్లెక్సీ కట్టేరు. దాని మీద వెంకటస్వామి గారి బొమ్మ, నోట్లోంచి కంప్యూటర్లో పెట్టిన మంటలు.

"ఆయన అమాయకుడని నిరూపిస్తాను, మీరు కంగారు పడకండి" అన్నాడు గోవిందరాజులు.

తాతాజీ మొహం చిట్లించేడు. "అమాయకుడేంటండీ? నెలకిందట ఆ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు ఏమన్నాడు? కొట్లు పీకించి రొయ్యల చెరువు తవ్విస్తాను, మీరు వేరే పని చూసుకోండి అన్నాడా లేదా? మనోళ్ళందరం ఆయ్ అని తల ఊపి ఇంటికొచ్చేం. మూడు తరాల్లో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, కామందు కొట్టు మీద ఊదేడండీ. అదీ ఈ వయసులో. మగాడంటే ఆయనండీ!"

వెనకాల జనం ఈలలేసేరు. గోవిందరాజులు తలొంచుకుని కాలిన కొట్టు దగ్గిరికి నడిచేడు.

అక్కడ ఆయన ముక్కు పనిచేసింది. పెట్రోలు వాసన. డ్రాగన్ ఊదితే మంట ఒకే చోట మొదలవుతుంది, ఇది నాలుగు మూలల్నించీ ఒకేసారి లేచింది. వాసన పట్టుకుని పోతే సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పశువులశాల వెనక రెండు ఖాళీ డబ్బాలు, కడగనైనా కడగలేదు. కొట్టు పనోళ్ళు చెరువు తవ్వనివ్వరని భయపడ్డాడు కాబోలు, కొట్టే లేకుండా చేసుకున్నాడు. గంటన్నరలో కేసు తేలిపోయింది. గోవిందరాజులు కళ్ళల్లో నీళ్ళు తిరిగేయి. డెబ్భై ఏళ్ళు టీ కాచింది ఇందుకే అనిపించింది.

ఎస్సై అంతా విని తలుపు దగ్గరగా వేసేడు.

"పెట్రోలు వాసన నీకొచ్చిందయ్యా. కోర్టుకి ముక్కుందా? ఆయన ఎవరికి చుట్టమో నీకు తెలుసు, నాకూ తెలుసు. ఆ డబ్బాలు నువ్వు చూళ్ళేదు. మీ ముసలాయన్ని విడిపించుకోవాలంటే ఇంకో దారి చూసుకో."

"ఆయ్" అన్నాడు గోవిందరాజులు. అలా ఎందుకన్నాడో ఆయనకే అర్థం కాలేదు. అలవాటు.

ఇంకో దారి రెండ్రోజులు తిరిగేక కిరాణా కొట్లో దొరికింది. ముత్యాలు గారు, అంటే వెంకటస్వామి గారి భార్య, వారం వారం ఓ డజను అగ్గిపెట్టెలు కొంటుందని కొట్టాయన మాటల్లో చెప్పేడు. పన్నెండేళ్ళుగానట. గోవిందరాజులు గుమ్మంలోనే ఆగిపోయేడు. నోట్లో నిప్పున్నోడి ఇంట్లో అగ్గిపెట్టెలెందుకు?

తిన్నగా లాకప్పు దగ్గరకొచ్చి, చువ్వల ముందు చతికిలబడ్డాడు.

"బాబాయ్, ఓసారి ఊదండి."

వెంకటస్వామి గారు గోడవైపు తిరిగేరు. అటు తిరిగే చెప్పేరు.

"పన్నెండేళ్ళ కిందట జ్వరం వచ్చింది గుర్తుందా? అది తగ్గిన రోజు పొద్దున్న లేచి చూస్తే లేదురా. పొగ తప్ప ఏం లేదు. మీ పిన్నికి తప్ప ఎవరికీ తెలీదు. అటక కింద కొబ్బరి డొక్కలు పేర్చి అగ్గిపుల్ల గీసి, దాని ముందు బుగ్గలు పూరించుకుని కూచుంటాను. పెళ్ళిళ్ళలో బుగ్గన కర్పూరం పెట్టుకుంటాను. రెక్క అడ్డం పెట్టి పుల్ల గీస్తాను. ఎన్ని గాడిపొయ్యిలు వెలిగించేనో!"

గాడిపొయ్యి సంగతి డ్రాగన్లలో చిన్న సంగతి కాదు. పెళ్ళి వంటకి నేలలో తవ్విన ఆ పొడుగాటి పొయ్యిని ఊళ్ళో పెద్ద డ్రాగనే ఊది వెలిగించాలి. ఊదినాయనకే మొదటి విస్తరి. నిప్పు పోయినవాణ్ణి ఆరినోడంటారు. వాణ్ణెవరూ తిట్టరు, కొట్టరు. బంతిలో ఆఖర్ని, పాలపళ్ళు ఊడని పిల్లల పక్కన కూచోబెడతారు, అంతే.

"ఇదొక్కటి చెప్తే మీరు రేపు బైటికొచ్చేస్తారు బాబాయ్" అన్నాడు గోవిందరాజులు.

ఆయన చువ్వల్లోంచి చెయ్యి చాపి కోటు పట్టుకున్నారు. "వద్దురా. ఏడేళ్ళు వేస్తారంట, వెయ్యనీ. నా వయసుకి ఏడేళ్ళు ఓ లెక్కా? బైట కుర్రాళ్ళు నా పేరు పెట్టి కేకలేస్తుంటే ఇక్కడికి వినపడుతోందిరా. ఈ మూడ్రోజులూ నాకు అన్నం సయించింది. నీకు దణ్ణం పెడతాను, అది మాత్రం బైట పెట్టకు."

"ఆయ్, అలాగేనండీ" అన్నాడు గోవిందరాజులు.

అన్నాడా, మర్నాడు పొద్దున్నే కోటు గుండీలు పెట్టుకుని, స్టేషను ఆవరణలో అందర్నీ సమావేశపరిచేడు! నిర్దోషి జైలుకెళ్ళకూడదని తనకి తాను చెప్పుకున్నాడు. అది నిజమే. నిర్దోషిని విడిపించడం డ్యూటీ అనుకున్నాడు, అదీ నిజమే. కానీ నవల్లో ఆఖరి అధ్యాయం అలాగే ఉంటుందండీ, అందర్నీ ఒకచోట చేర్చి చెప్పడం. దాని కోసం ఆయన డెబ్భై ఏళ్ళు కాచుకున్నాడు. అందులోని తీపిని వదులుకోలేకపోయేడు. ఆ మాట మాత్రం తనకి తాను చెప్పుకోలేదు.

"నేరస్థుడు ఈ ఆవరణలోనే ఉన్నాడు" అని మొదలెట్టేడు.

డ్రాగన్లందరూ, లాకప్పులోంచి తెచ్చి నిలబెట్టిన వెంకటస్వామి గారి వైపు గర్వంగా చూసేరు. కుర్చీలో ఉన్న సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. ఎస్సై గట్టిగా దగ్గేడు. గోవిందరాజులు ఆ దగ్గు విన్నాడు, విని చూపు మళ్ళించుకున్నాడు.

"లేకపోతే లేకపోవచ్చు. కానీ ఈయన మాత్రం కాదు" అన్నాడు. ముందున్న బల్ల మీద వెడల్పాటి ప్రమిద, నూనె, లావుపాటి వత్తి పెట్టించేడు. "బాబాయ్, ఇది వెలిగించండి."

వెంకటస్వామి గారు ఆయన వంక చూసేరు. కోపంగా చూసినా బావుండేది. తర్వాత ఒళ్ళు నిటారు చేసుకుని, ఊపిరి నిండా పీల్చి, ఊదేరు. వత్తి అటూ ఇటూ ఊగింది. మళ్ళీ ఊదేరు, దగ్గొచ్చింది. మూడోసారి ముక్కుల్లోంచి సన్నగా పొగొచ్చి గాల్లో కలిసిపోయింది. గుంపు వెనకనించి ఎవరో కిసుక్కుమన్నారు.

అప్పుడు గోవిందరాజులు కిరాణా కొట్టాయన చేత అగ్గిపెట్టెల సంగతి చెప్పించేడు. పన్నెండేళ్ళ సంగతీ, కర్పూరం సంగతీ తానే విడమర్చి చెప్పేడు. గొంతు ఖంగుమంది. జనంలో ముత్యాలు గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కనపడి కూడా ఆపలేదు.

"భేష్!" అన్నాడు ఎస్సై. "ఊదలేడు కాబట్టి తగలెట్టలేదు. అగ్గిపెట్టెలు ఇంటి వాడకానికి. షార్టు సర్క్యూటని రాసి ఫైలు మూసెయ్యి."

"ఆ కొట్టుకి కరెంటే లేదు సార్."

"అయితే మరీ ప్రమాదకరమైన షార్టు సర్క్యూటన్నమాట."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు లేచి వచ్చి గోవిందరాజులు చెయ్యి పట్టుకుని ఊపేడు. ఇలాంటి నిజాయితీపరులు డిపార్టుమెంటుకి కావాలన్నాడు. ఆ చెయ్యి ఇంకా పెట్రోలు కంపు కొడుతోంది.

వెంకటస్వామి గారు మాత్రం గేటు వైపు నడవలేదు. వెనక్కెళ్ళి లాకప్పులో కూచుని, తలుపు తనే లాక్కున్నారు.

"నేనే తగలెట్టేనండీ" అన్నారు. "అగ్గిపుల్ల గీసి తగలెట్టేను. రాసుకోండి."

"మీరు నిర్దోషండీ, పెద్దాయనా. బయల్దేరండి" అన్నాడు ఎస్సై.

"కాదండీ, నేనేనండీ. సంతకం పెడతాను."

ఎవరూ రాసుకోలేదు. నిర్దోషిని లాకప్పులో ఉంచడానికి రూల్సు ఒప్పుకోవన్నారు. ఆయన్ని బైటికి తెమ్మని గోవిందరాజులుకే చెప్పేరు. చంకల కింద చేతులేసి లేపితే, ఆయన ఏమీ బరువు లేరు.

"మూడ్రోజులే కదరా" అన్నారు వెంకటస్వామి గారు చెవి దగ్గర. "ఇంకో ఏడేళ్ళు ఉండనిస్తే నీ సొమ్మేం పోయేది?"

గేటు దగ్గర కుర్రాళ్ళు ఫ్లెక్సీ విప్పి చుట్టేస్తున్నారు. ఆయన్ని చూసి చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక్కడూ వెక్కిరించలేదు. ఒకడు ఆటో పిలిచేడు. ఇంకొకడు, "తాతగారూ, ఇక్కడ మెట్టుందండీ, నెమ్మదిగా" అంటూ రెక్క పట్టుకున్నాడు. పోయిన నెలే కపిలేశ్వరపురం దగ్గర గోదారి మీదుగా ఎగిరి అవతలి ఒడ్డుకి వెళ్ళొచ్చిన మనిషిని, ఇద్దరు పట్టుకుని ఆటోలో కూచోబెట్టేరు. ముత్యాలు గారు పక్కన ఎక్కి కూచుంది. ఇద్దరిలో ఎవరూ వెనక్కి చూళ్ళేదు.

ఆటో మలుపు తిరిగేక తాతాజీ గోవిందరాజులు దగ్గరకొచ్చేడు. చుట్టేసిన ఫ్లెక్సీ చంకలో ఉంది.

"ఆయన కాదని తెలిసిపోయింది, బానే ఉంది. అయితే తగలెట్టిందెవరండీ?"

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి కారు హారను కొడుతూ గేటు దాటుతోంది. గోవిందరాజులు పక్కకి జరిగి దారిచ్చి, సెల్యూట్ కొట్టేడు.

"ఏమోనండీ" అన్నాడు.