అన్నభేది కలిపిన చెయ్యి

తెలంగాణ కోసం మొదలైన సకల జనుల సమ్మెతో మా డిగ్రీ కాలేజీకి తాళం పడింది. పాఠాలు జగిత్యాల బస్టాండు ముందు రోడ్డు మీదికి వచ్చాయి. ఒక పక్క వంటావార్పు, ఒక పక్క కబడ్డీ, మధ్యలో విద్యార్థులం మేము. కోరుట్ల పోయే లారీలన్నీ ఆగిపోయాయి. డ్రైవర్లు కూడా దిగివచ్చి చాపల మీద కూర్చున్నారు. ఆ రోజు పాఠం చెప్పే వంతు నాది. ధ్రువాల దగ్గర సముద్రపు మంచులో ఉండే ఇనుము గురించి చెబుతానన్నాను.

కండువా సవరించుకుంటూ జలపతి మూతి ముడిచాడు. ఆయనది మా సారంగాపూరే, పొలాలున్న మనిషి, దీక్షా శిబిరానికి పెద్ద.

"మంచు ముచ్చట మనకెందుకు శ్రావణీ? నీళ్ల గురించి చెప్పరాదు?"

"మంచు గూడ నీళ్లే గద పటేలా," అన్నాను. అందరూ నవ్వారు, ఆయన తప్ప.

ఆయన్ని చూస్తేనే నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకు మండదు? మా బాపు నర్సయ్య పొలాలకు మందు కొట్టే కూలి. మొన్న రోహిణి కార్తెలో జలపతి పోసిన నారు ఇనుము అందక తెల్లబడింది. అన్నభేది కొట్టమని మా బాపును పిలిచాడు. అన్నభేది అంటే ఇనుముండే ఉప్పు. మా దగ్గర మందు కలిపేది ఆసామి, పంపు మోసేది కూలివాడు. మందు సంచి మీద కూలివాడి చెయ్యి పడనివ్వరు, ఎక్కడ దాచుకుపోతాడోనని. నారు జల్దీ పచ్చబడాలని జలపతి చేతికొచ్చినంత పోశాడు. నారంతా మాడి నల్లబడింది. "నర్సయ్యే మాడగొట్టిండు" అని ఊరంతా చెప్పుకొచ్చాడు. మా బాపు బయట నోరు విప్పలేదు. అప్పటినుంచి ఆయన్ని మందు కొట్టడానికి పిలిచినవాళ్లు లేరు. పంపు మా గోడకే వేలాడుతోంది.

సుద్దముక్కతో రోడ్డు మీద సముద్రం గీశాను.

"గా దక్షిణ ధ్రువం సముద్రంల తక్కిన బలమంత ఉన్నది, ఇనుమే తక్కువ. మన నారు తెల్లబడ్డట్టే, ఇనుము లేక గక్కడి నాచు పెరగదు. చలికాలం నీళ్లు గడ్డ కట్టంగ, ఉన్న గింత ఇనుమును మంచు పట్టుకుంటది. ఎండలు రాంగనే కరిగి ఇడుస్తది. గప్పుడు కంటికి కనవడనంత సన్న నాచు కుప్పలు తెప్పలుగ పెరుగుతది. దాన్ని రొయ్యలసొంటి పురుగులు తింటయి. గా పురుగులను పెంగ్విన్లు, సీల్లు, తిమింగలాలు తింటయి. గంత పెద్ద తిమింగలం గూడ మంచు ఇడిసిన చిటికెడు ఇనుము మీదనే బతుకుతది."

సిరిసిల్ల నుంచి బట్టల లోడుతో వచ్చి ఇరుక్కుపోయిన డ్రైవరు సామేలు చెయ్యెత్తాడు.

"గట్లయితే ఓడలల్ల ఇనుము తీస్కపోయి కుమ్మరిస్తే అయిపాయె గద చెల్లే?"

"పోసి చూసిండ్రన్నా. నాచు పెరిగింది. కని ఏ నాచు పెరుగుతదో, ఇంకో దిక్కు ఏ చేపల నోటికాడి బువ్వ పోతదో ఎవలకు తెల్వది. పోసేది ఒకలు, పోగొట్టుకునేది ఇంకొకలు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక ఇక ఆగలేకపోయాను. వంటావార్పు పొయ్యి దగ్గర కట్టెలు ఎగదోస్తున్న మా బాపు వద్దని తల ఊపాడు. చూశాను. చూసి కూడా అడిగాను.

"జలపతి పటేలా, మీ నారుమడిల అన్నభేది కలిపింది ఎవలు?"

ఆయన ముఖం మాడిపోయింది. "గా లొల్లి గిక్కడెందుకు? ఉద్యమాన్ని ఖరాబు చేస్తవా?"

"మన నీళ్లు మనకు గావాల్నని కూసున్నం. మా బాపు పేరు మా బాపుకు గావాలె. గిది గూడ గసొంటిదే."

"నర్సయ్యా, నీ బిడ్డకు బుద్ధి చెప్పుకో," అన్నాడు జలపతి.

మా బాపు చేతుల బూడిద దులుపుకుంటూ లేచి వచ్చాడు. చేతులు కట్టుకుని మాఫీ అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన నేరుగా వెళ్లి పెద్దలు కూర్చున్న చాప మీద జలపతి పక్కనే కూర్చున్నాడు.

"కలిపింది నువ్వు. గంత వద్దు పటేలా అన్న. నువ్వు ఇనలే."

జలపతి నేల చూస్తూ కొద్దిగా పక్కకు జరిగాడు. వెనక నుంచి బీర్పూర్ రైతు సత్తయ్య గొంతు వినబడింది.

"నర్సన్నా, ఎల్లుండి మా పొలానికి పంపు తీస్కరా."

మా బాపు తల తిప్పలేదు.

"అస్త," అన్నాడు. "కని కలిపేది గూడ నేనే."